కుక్కపిల్ల నీళ్లలో దిగనంటే: ఈత నుంచి తెచ్చిపెట్టడం దాకా వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

మా చుక్కకి ఇప్పుడు మూడేళ్లు. నల్ల లాబ్రడార్, ఛాతీ మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. నాగావళిలో బెండ్ల సంచి (వలకి కట్టే తేలుడు ముక్కలు చుట్టి కుట్టినది) విసిరితే ఈదుకుంటూ వెళ్లి, తెచ్చి నా చేతిలో పెడుతుంది. కానీ దాని అయిదో నెలలో నేను చేసిన తప్పు వల్ల, రెండు నెలలపాటు బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడితే చాలు మంచం కిందికి దూరేది. లాబ్రడార్ కదా, ఈత పుట్టుకతోనే వస్తుందని నమ్మి నడుం లోతు నీళ్లలోకి ఎత్తుకుపోయి వదిలేశాను. ఒకసారి పూర్తిగా మునిగింది. పైకి లేచి నా భుజం మీదకి ఎక్కేసింది. గోళ్లు దిగిన చారలు వారం రోజుల్లో మానిపోయాయి గానీ, దాని గుండె నా మెడకి ఆనుకుని కొట్టుకున్న తీరు ఇప్పటికీ మరిచిపోలేదు.

రేవులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన అదంతా చూసి ఒకటే మాట అన్నాడు: “దాన్ని తొయ్యకు బాబూ. నువ్వు ముందు దిగి కూకో. నీ ఎనకాల అదే వస్తాది.”

ఆ మాట పట్టుకునే మళ్లీ మొదట్నుంచి నేర్పాను. తర్వాత ఆమదాలవలస, రాజాం వైపు తెలిసినవాళ్ల కుక్కపిల్లలకీ నేర్పడంలో సాయం పట్టాను. అన్నిచోట్లా ఒకటే కనబడింది. నీళ్లలో బయటపడే లోపానికి మూలం చాలాసార్లు గట్టు మీదే ఉంటుంది, మనం తొందరపడి దాటేసిన ఏదో ఒక మెట్టులో ఉంటుంది. కింద చెప్పే విరుగుళ్లలో సగం ఆ మెట్టు దగ్గరికి వెనక్కి వెళ్లడమే.

దింపేముందు

టీకాల కోర్సు పూర్తికాని పిల్లని చెరువులో దింపకండి. మన వైపు చెరువులన్నీ వరిపొలాల పక్కనే ఉంటాయి, పొలంలో ఎలుకలుంటాయి. వాటి మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది కుక్క నుంచి మనుషులకీ అంటుతుంది. అన్ని టీకాల్లోనూ లెప్టో ఉండదు. మీరు వేయించినదాంట్లో ఉందో లేదో డాక్టరు గారిని అడిగి, ఏటా మళ్లీ వేయించండి.

చోటు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. తోటపల్లి, గొట్టా బ్యారేజీల గేట్లు ఎత్తితే సరేసరి. అందుకని జూన్ నుంచి అక్టోబరు దాకా నదిలో నేర్పే మాటే వద్దు. వేసవిలో నీరు పాయలుగా చీలినప్పుడు కూడా ఇసుక తవ్విన గోతులుంటాయి. మోకాలి లోతనుకుని అడుగేస్తే నిలువు లోతు. ముందురోజు మీరే ఒక కర్ర పట్టుకుని దిగి, అడుగు అడుగూ పొడిచి చూసుకోండి. అడుగు గట్టిగా ఉండి, నేల మెల్లగా వాలుతూ పోయే చెరువు అంచు అన్నిటికంటే మంచిది. మెట్లున్న కోనేరు పనికిరాదు. ఒక మెట్టు మీద కాలు ఆనుతుంది, తర్వాతి మెట్టు మీద ఆనదు, పిల్ల అక్కడే బెదురుతుంది. గుర్రపుడెక్క, తామర తూళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి. ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టు తెట్టు కట్టిన నీళ్లలో విషం ఉండే అవకాశం ఉంది, అటు పోనివ్వకండి.

ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే ఇసుక అరికాళ్లు కాలుస్తుంది. లాగితే మెడకి బిగుసుకునే చోక్ చైన్ తీసేయండి. పదిమీటర్ల తేలికైన తాడు, వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ ఉంటే చాలు. మొదటి పది రోజులూ అయిదు నిమిషాలకి మించి వద్దు.

నీళ్ల అంచుకొచ్చి ఆగిపోతోంది, లాగితే వెనక్కి గుంజుతోంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. కారణాలు మూడు రకాలు. ఇంతకుముందు ఎవరో తోసి ఉండొచ్చు. అంచున బురద కాళ్లకి అంటుకుని చిరాకు పుట్టి ఉండొచ్చు. లేదా అడుగు కనబడని నీరు దానికి నేలో కాదో తెలియడం లేదు. ఏది కారణమో ఇలా తేల్చుకోండి: ఇంటి దగ్గర వెడల్పాటి తొట్టెలో రెండంగుళాల నీళ్లు పోసి, అందులో దానికిష్టమైన తిండి వెయ్యండి. దిగి తిన్నదంటే నీళ్లంటే భయం లేదు, చెరువు అంచే దానికి నచ్చలేదు. చోటు మార్చండి, ఇసుక అంచు వెతకండి. తొట్టె దగ్గర కూడా వణికితే లోపల పాత భయం ఉంది.

భయానికి మందు, మీరు దిగి కూర్చోవడం. మడమ లోతు నీళ్లలో దానివైపు వీపు పెట్టి కూర్చోండి. పిలవకండి, బతిమాలకండి, దాని కళ్లలోకి చూడకండి. చేత్తో నీళ్లు మెల్లగా కదుపుతూ మీ పని మీరు చేసుకోండి. తాడు వదులుగా ఉండాలి. చుక్క విషయంలో మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు ముక్కు నా వీపుకి తగిలింది, వెనక్కిపోయింది. నాలుగో రోజు ఒక ముందు కాలు నీళ్లలో పెట్టి, ఎత్తి, మళ్లీ పెట్టి, కాలివేళ్లు విప్పింది. ఆ వేళ్లు విచ్చుకోవడం చూడటం నేర్చుకోండి. బెదిరిన కుక్క వేళ్లు ముడుచుకుని, పంజా బిగించి నిలబడుతుంది. కుదురుకున్నది వేళ్లు పరుచుకుని నిలబడుతుంది. అది కనబడ్డాకే ఇంకో అడుగు లోపలికి జరగండి.

నీళ్లంటే ఇష్టపడే పెద్ద కుక్క ఒకటి దొరికితే పని సగం అయినట్టే. నెమ్మదస్తురాలై ఉండాలి. మీదపడి ఆడే కుక్కయితే పిల్ల ఇంకా భయపడుతుంది.

పొట్టకి నీళ్లు తగిలేదాకా వస్తుంది, అక్కడితో సరి

కాలు నేల వదిలే ఆ ఒక్క అడుగే దానికి గండం. దిగి మీరు ఎదురుగా నిలబడితే కుక్కకి ఈదాల్సింది రెండు బారలే ఉంటుంది. గెడ్డలాంటి సన్నటి పాయ దొరికితే ఇంకా మంచిది. మీరు దాటి అవతలి ఒడ్డున నడుస్తూ పొండి, నాలుగు బారలు ఈదితే మళ్లీ నేల తగులుతుంది. దాటాక ఆ రోజుకి ఆపేయండి. ఇంకోసారి చూద్దామన్న ఆశతోనే చాలామంది చెడగొడతారు.

ఈదుతోంది కానీ ముందు కాళ్లతో నీళ్లని బాదుతోంది, నిలువుగా మునుగుతోంది

వెనక కాళ్లు పనిచేయడం లేదన్నమాట. కంగారులో తల పైకెత్తితే నడుము కిందికి దిగుతుంది. నడుము దిగినకొద్దీ ముందు పంజాలు నీళ్ల పైకి లేచి బాదుతాయి. నిమిషంలో అలిసిపోతుంది. పక్కనుంచి ఒక చెయ్యి పొట్ట కింద, పక్కటెముకలు అయ్యేచోట పెట్టి, వీపు నీటికి సమానమయ్యేదాకా ఎత్తి పట్టండి. మోయకండి, ఆసరా మాత్రం ఇవ్వండి. నడుము లేవగానే వెనక కాళ్లు వాటంతటవే తొక్కడం మొదలుపెడతాయి, మీ మోచేతికి ఆ ఒత్తిడి తెలుస్తుంది. లైఫ్ జాకెట్ చేసే పని కూడా ఇదే. రెండు వారాలు దాంతోనే ఈదించి, తర్వాత లోతులేని చోట తీసి చూడండి.

పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి జాతులకి మాత్రం ఇది లోపం కాదు, వాటి ఒళ్లే అంత. బరువంతా ముందుంటుంది, ఊపిరి చాలదు. వాటిని మడమ లోతులో ఆడించి తీసుకురండి. లాబ్రడార్ సంగతి వేరు. వాటి పూర్వీకులు ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలరులతో పనిచేసిన కుక్కలు. వలల తాళ్లు లాగేవి, జారిపోయిన చేపల్ని పట్టితెచ్చేవి. వేళ్ల మధ్య చర్మం, నీళ్లు అంటని వెంట్రుక అక్కడివే. మన ఊరకుక్కలు కూడా తీరు కుదిరితే చక్కగా ఈదుతాయి, వాటిని తక్కువ చెయ్యకండి.

గట్టు మీద తెస్తుంది, నీళ్లలో వేస్తే తేదు

ముందు దాని ఎత్తులో వంగి చూడండి. ఈదే కుక్క కన్ను నీటిమట్టానికి బెత్తెడు పైన ఉంటుంది, చిన్న అల అడ్డొచ్చినా వస్తువు కనబడదు. పైగా కుక్కకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మనకి భగ్గున మెరిసే ఎర్ర బంతి పాచి నీళ్లలో దానికి మాసిపోయి కనిపిస్తుంది. తెలుపో నీలమో వాడండి. నేను వలకి కట్టే పాత బెండ్లు నాలుగు గోనెగుడ్డలో చుట్టి, పైన తెల్ల పంచె ముక్క వేసి కుట్టాను. జానెడున్నర పొడుగు, కొసకి విసరడానికి మూరెడు తాడు. తేలుతుంది, మెత్తగా ఉంటుంది, నీళ్లలో కలిసిపోదు.

ఆ సంచితో ముందు వారం రోజులు ఇంటి వసారాలో ఆడించండి. తర్వాత తడిపి ఆడించండి. తడిసిన గోనె వాసన, బరువు వేరు, దాన్ని నోట పట్టడానికే కొన్ని పిల్లలు సంకోచిస్తాయి. ఆపైన నీటి అంచున సగం మునిగేలా, తర్వాత ఒక అడుగు లోపల, అలా జరపండి. గాలి మీ వీపు నుంచి నీళ్ల మీదకి వీస్తుంటే సంచి దూరం కొట్టుకుపోతుంది, అప్పుడు అవతలి ఒడ్డుకి మారండి. రాళ్లు మాత్రం ఎప్పుడూ విసరకండి. వెతికి వెతికి ఖాళీగా వచ్చిన కుక్క మనసు విరిగిపోతుంది, పళ్లూ పాడవుతాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారే కాలం, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే ఈ ఆటే ఆపండి.

గట్టెక్కగానే పడేసి దులుపుకుంటోంది

తడి ఒళ్లు దులుపుకోవడం దాని స్వభావం. తిట్టి ప్రయోజనం లేదు. మీరు మోకాలి లోతులో నిలబడి, అది దులుపుకోకముందే నీళ్లలోనే సంచి అందుకోండి. వారం తర్వాత అంచుకి, ఆ తర్వాత గట్టుకి ఒక్కో అడుగు వెనక్కి జరగండి.

పట్టుకుని పారిపోతోంది

ఎప్పుడో మీరు వెంటపడ్డారు, అది దానికి ఆటైంది. ఇప్పుడు మీరే దానికి వీపు చూపి పరిగెత్తండి, వెంట వస్తుంది. అందగానే లాక్కోకుండా, గడ్డం కింద నిమిరి, రెండో సంచి చూపించండి. మొదటిది వదిలితేనే రెండోది విసరాలి.

తూలుతోంది, పొట్ట ఉబ్బింది, వాంతి చేసుకుంటోంది

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నోరు బాగా తెరిచి బంతి పట్టే కుక్క ప్రతి బారకీ నీళ్లు మింగుతుంది. ఎక్కువైతే ఒంట్లో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. చొంగ, గాజుకళ్లు, తూలడం కనబడితే ఆలోచించకుండా వెటర్నరీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. రాకుండా చూసుకోవడం సులువు: బంతి బదులు పల్చటి సంచి వాడండి, ఒక విడతకి అయిదారు సార్లకి మించి విసరకండి, మధ్యలో గట్టు మీద పావుగంట కూర్చోబెట్టండి. నీళ్లు మింగి మునిగిపోబోయి బతికిన కుక్కని, హుషారుగా ఉన్నా సరే, ఆ రోజే చూపించండి. ఊపిరితిత్తుల్లో చిక్కు కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది.

మర్నాడు తోక వేలాడుతోంది, తల విదిలిస్తోంది

తోక మొదట్లో రెండంగుళాలు నిలిచి, మిగతాది చచ్చుబడినట్టు వేలాడితే అది విరగలేదు, ఈతలో కండరం పట్టేసింది. కొన్నిరోజుల విశ్రాంతితో తగ్గుతుంది. నొప్పి ఎక్కువుంటే డాక్టరు ఇచ్చిన మందే వేయండి, మన ఇంట్లో ఉండే నొప్పి మాత్రలు కుక్కకి విషమవుతాయి. తల విదిలించడం చెవిలో తడి వల్ల. ప్రతి ఈతా అయ్యాక నూలుగుడ్డ వేలికి చుట్టి, వేలు అందినంతవరకే తుడవండి, బడ్స్ లోపలికి దూర్చకండి. వాసనొస్తే చూపించాల్సిందే. చెరువు నుంచి వచ్చాక కాలివేళ్ల సందులు, ముక్కు లోపల జలగలకోసం వెతకండి.

ఇక బయటికి రానంటోంది

చుక్క ఇప్పుడు ఈ దశలో ఉంది. పిలవగానే రావడం గట్టు మీద పక్కా అయ్యేదాకా పొడుగు తాడు తీయకండి. టెక్కలి దగ్గర తేలినీలాపురం చుట్టుపక్కల చలికాలంలో గూడబాతులు, కొంగలు మేసే చెరువుల్లో అసలు దింపకండి. నీళ్లలోంచి తెచ్చే విద్యని బాతుల వేటకీ వాడేవారు, ఆ బుద్ధి కుక్కలో ఇంకా ఉంది. మనకి 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది, పిట్టని ముట్టుకోనివ్వకూడదు.

సముద్రం అడగకండి. కళింగపట్నంలోనైనా చింతపల్లిలోనైనా మన అలలు ఒడ్డునే విరిగి లోపలికి లాగుతాయి. ఉప్పునీళ్లు మింగితే వాంతులు, విరేచనాలు. జనవరి నుంచి వేసవి దాకా ఆ ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, వదిలేసిన కుక్క వాసన పట్టి తవ్వేస్తుంది. తీసుకెళ్లక తప్పకపోతే తాడు చేతిలోనే ఉంచి, మంచినీళ్ల సీసా వెంట పెట్టుకుని, తడి ఇసుక మీద నడిపించి తీసుకురండి.