నొప్పి లేని పుండు, మానిపోయిన పుండు: మగవారిలో సిఫిలిస్ సమస్యలు, పరిష్కారాలు

మర్మాంగం మీద వచ్చిన పుండు నొప్పి పెట్టకపోతే, పైగా మందూ మాకూ లేకుండానే నెల తిరిగేసరికి మానిపోతే, ఎవరైనా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటారు. సిఫిలిస్ విషయంలో పొరపాటు జరిగేది సరిగ్గా అక్కడే. మన పెద్దలు సవాయి అనీ, కొరుకు అనీ పిలిచిన ఈ జబ్బు కొన్నాళ్లు పైకి కనిపించి, దానంతటదే కనుమరుగై, లోపల మాత్రం కొనసాగుతూ ఉంటుంది. కాబట్టి కింద రాసినవి చదివేటప్పుడు లక్షణం తగ్గడం వేరు, జబ్బు నయం కావడం వేరు అన్న సంగతిని మనసులో ఉంచుకోవాలని కోరుతున్నాను.

సమస్య: అంగం మీద పుండు ఉంది, కానీ నొప్పి లేదు

కారణం: ట్రెపొనీమా పాలిడం అనే, మరమేకులా మెలికలు తిరిగిన సన్నని బ్యాక్టీరియా దీనికి మూలం. జబ్బు ఉన్నవారితో లైంగికంగా కలిసిన తరువాత 10 నుంచి 90 రోజుల లోపల, చాలామందిలో మూడు వారాలకు, అది ఒంట్లోకి చొరబడిన చోటే పుండు లేస్తుంది. ఆ చోటు అంగమే కానక్కరలేదు. పెదవి, నాలుక, మలద్వారం కూడా కావచ్చు. ముందోలు కింద దాగి ఉంటే వెనక్కి లాగి చూసుకునేదాకా తెలియదు, మలద్వారం లోపల ఉంటే అసలే తెలియదు. సాధారణంగా ఈ పుండు ఒక్కటే ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది, చీము పట్టకుండా శుభ్రంగా కనిపిస్తుంది. డాక్టరు చేతికి గ్లవుజు తొడుక్కుని దాని అంచును రెండు వేళ్ల మధ్య పట్టి చూస్తే, చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు గట్టిగా తగులుతుంది. గజ్జల్లో బిళ్లలు కడతాయి, వాటికీ నొప్పి ఉండదు.

చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి మంట పెడుతుంటే హెర్పిస్ అని, పుండు మెత్తగా ఉండి చీముతో బాగా నొప్పి పెడుతుంటే షాంక్రాయిడ్ అని, మూత్రంలో మంటతో చీము కారుతుంటే సెగవ్యాధి అని వైద్యులు ముందుగా అనుమానిస్తారు. అయితే ఒకే మనిషికి రెండు జబ్బులు కలిసి ఉండవచ్చు, సిఫిలిస్ పుండ్లు ఒకటికి మించీ రావచ్చు. అందువల్ల అద్దంలో చూసుకునో, ఫోనులో బొమ్మలతో పోల్చుకునో తేల్చుకునే వ్యవహారం కాదిది.

పరిష్కారం: మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాయడం, రెండు మూడు రోజులు ఏవో యాంటీబయాటిక్ మాత్రలు మింగడం మానుకుని, చర్మ, సుఖవ్యాధుల నిపుణుడిని కలవాలి. వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్, దానికి తోడు టీపీహెచ్ఏ అనే రక్తపరీక్షలు చేస్తారు. హెచ్ఐవీ పరీక్ష కూడా అదే రోజు చేయించుకోవాలి, ఎందుకంటే పుండు ఉన్నప్పుడు హెచ్ఐవీ సోకడం, సోకించడం రెండూ తేలికవుతాయి. పుండు లేచిన తొలి రోజుల్లో సిఫిలిస్ పరీక్ష నెగెటివ్‌గా రావచ్చు. ఆ కాగితం చూసి నిశ్చింతగా ఉండకుండా, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ రక్తం ఇవ్వాలి. పుండు తీరు చూసి, రిపోర్టు కోసం ఆగకుండానే డాక్టరు ఇంజెక్షన్ వేస్తే అది తొందరపాటు కాదు, సరైన వైద్యమే.

సమస్య: ఉన్న పుండు మానిపోయింది, ఇంక డాక్టరు ఎందుకు?

కారణం: వైద్యం చేసినా చేయకపోయినా ఈ పుండు మూడు నుంచి ఆరు వారాల్లో మానుతుంది. ఈ లోగా బ్యాక్టీరియా రక్తంలో కలిసి ఒళ్లంతా పాకి ఉంటుంది. గోడల మీద ప్రకటనలు అంటించి, లాడ్జి గదుల్లో కూర్చుని గుప్తవ్యాధులు నయం చేస్తామనే వారికి మంచి పేరు వచ్చేది కూడా ఇందువల్లనే. వారు ఏ పొడి ఇచ్చినా నెలకు పుండు మానుతుంది, రోగి వారికే దండం పెడతాడు. 16వ శతాబ్దం నాటికే మన ఆయుర్వేదం దీనిని ఫిరంగ రోగమని గుర్తించింది. పరంగిచెక్క, పాదరసంతో చేసిన రసకర్పూరం ఆనాటి మందులు. అంతకు మించిన మందు ఆనాటి వైద్యుల చేతిలో లేదు. 1943లో పెన్సిలిన్‌తో ఈ జబ్బు నయమవుతుందని రుజువైన తరువాత, ఇవాళ్టికీ ఒక మనిషి చేత పాదరసం మింగించడాన్ని మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను.

పరిష్కారం: పుండు మానిన తరువాత వెళ్లినా ఆలస్యం కాలేదు. ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు ఉంది అన్నది గుర్తున్నంత వరకు డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే ఎన్ని ఇంజెక్షన్లు అవసరమన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

సమస్య: అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు, దురద లేదు

కారణం: ఇది రెండో దశ. పుండు వచ్చిన కొన్ని వారాలకు, కొందరిలో అది పూర్తిగా మానకముందే, ఒంటి మీద రాగి రంగు మచ్చలు లేస్తాయి. సాధారణంగా దురద ఉండదు కాబట్టి వేడి చేసిందనో, మందు పడలేదనో అనుకుని వదిలేస్తారు. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ కనబడడం దీనికి పెద్ద గుర్తు. దానితో పాటు సన్నటి జ్వరం, గొంతు నొప్పి, నోటిలో తెల్లటి పొరలు, మలద్వారం చుట్టూ తడిగా ఉండే చదునైన బుడిపెలు, తల మీద చెదలు తిన్నట్టు అక్కడక్కడా జుట్టు ఊడడం ఉండవచ్చు. ఈ దశలో జబ్బు బాగా అంటుకుంటుంది.

పరిష్కారం: ఈ దశలో రక్తపరీక్ష దాదాపు ఎప్పుడూ పాజిటివ్‌గానే వస్తుంది కనుక నిర్ధారణ కష్టం కాదు. కష్టమల్లా రోగి నోరు విప్పి, ఫలానా నెలలో అంగం మీద పుండు వచ్చి పోయిందని డాక్టరుకు చెప్పడమే.

సమస్య: ఒంట్లో ఏమీ లేదు, కానీ రిపోర్టులో రియాక్టివ్ (అంటే పాజిటివ్) అని వచ్చింది

మన ప్రాంతంలో చాలామంది మగవారికి ఈ జబ్బు సంగతి ఇలాగే తెలుస్తుంది. భార్య గర్భిణిగా ఉన్నప్పుడు చేసే పరీక్షల్లో తేలి భర్తను పిలిపిస్తారు, లేదా రక్తదానం చేసిన చోటి నుంచి కబురు వస్తుంది, లేదా గల్ఫ్ వెళ్లడానికి చేయించుకున్న మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారు.

కారణం: రెండో దశ కూడా దానంతటదే తగ్గి, జబ్బు ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా దాగి ఉంటుంది. మలేరియా, కుష్టు, శరీరం తన మీద తానే దాడి చేసుకునే లూపస్ వంటి వాటిలో వీడీఆర్ఎల్ ఒక్కటే తప్పుగా పాజిటివ్ రావచ్చు కనుక టీపీహెచ్ఏతో సరిచూస్తారు.

పరిష్కారం: వీడీఆర్ఎల్ రిపోర్టులో 1:32 వంటి అంకె ఉందేమో చూడండి. రక్తం నుంచి తీసిన సీరమ్‌ను సగానికి సగం పలచన చేసుకుంటూ పోతే, 32 వంతులకు పలచబరిచినా పరీక్ష పట్టుకుందని దాని అర్థం. 1:32 నుంచి 1:16కు దిగితే ఒక మెట్టు, 1:8కి దిగితే రెండు మెట్లు. వైద్యం పని చేసిందనడానికి కనీసం రెండు మెట్లు దిగాలి. అందువల్ల ఇంజెక్షన్ వేయించుకునే రోజునే ఈ అంకె నమోదు కావాలి, ఆ తరువాత కూడా అదే పరీక్ష, వీలైతే అదే ల్యాబులో చేయించుకోవాలి.

మందు ఏమిటి, ఎంత

జబ్బు సోకి ఏడాది లోపే అయితే బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి ఇస్తారు. ఏడాది దాటినా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా అదే మోతాదును వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు ఇస్తారు. మన దగ్గర ఎక్కువగా దొరికే సీసా 12 లక్షల యూనిట్లది కనుక రెండు సీసాలు కావాలి, పిరుదుకు ఒకటి చొప్పున వేస్తారు. పొడిలో నీళ్లు కలిపి ఊపితే చిక్కటి పాలలా తయారయ్యే మందు ఇది. సూది సన్నమైతే మధ్యలోనే అడ్డుపడుతుంది, అందుకే లావు సూదితో నెమ్మదిగా ఎక్కిస్తారు. రెండు రోజులు కూర్చోవడం ఇబ్బందిగా ఉంటుంది. ఆ నొప్పికి భయపడి రెండో వారం, మూడో వారం ఎగ్గొట్టకూడదు. ఎక్కువ రోజులు తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. పెన్సిలిన్ పడనివారికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తొలి దశల్లో 14 రోజులు, ముదిరితే 28 రోజులు ఇస్తారు. ఏది ఇవ్వాలో డాక్టరే నిర్ణయించాలి. అలర్జీకి ఏర్పాట్లున్న ఆసుపత్రిలోనే ఈ ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వేయించుకోవడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

సమస్య: ఇంజెక్షన్ వేసిన రాత్రే చలిజ్వరం వచ్చింది

కారణం: బ్యాక్టీరియా ఒక్కసారిగా చనిపోతున్నప్పుడు శరీరం చూపే ప్రతిచర్య ఇది. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి, మచ్చలు కాసేపు ఎర్రబడతాయి. సాధారణంగా 24 గంటల్లో సర్దుకుంటుంది.

పరిష్కారం: పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకోవాలి. ఇంజెక్షన్ వేసిన కొద్దిసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఆయాసం వచ్చి, ముఖం వాస్తే మాత్రం అది అలర్జీ. క్షణం ఆలస్యం చేయకూడదు.

సమస్య: చూపు మసకబారింది, చెవిలో హోరు, విడవని తలనొప్పి

కారణం: జబ్బు నరాల వ్యవస్థను, కంటిని, చెవిని పట్టింది. ఇది ఇరవై ఏళ్ల తరువాతే జరుగుతుందనుకోవడం పొరపాటు, ఏ దశలోనైనా జరగవచ్చు. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని దెబ్బతినడం, మతి చెడడం, నడక తడబడడం మాత్రం సాధారణంగా ఏళ్లు గడిచాక వస్తాయి.

పరిష్కారం: పిరుదుకు వేసే ఇంజెక్షన్ దీనికి సరిపోదు. ఆసుపత్రిలో చేరి 10 నుంచి 14 రోజులు నరం ద్వారా పెన్సిలిన్ ఎక్కించుకోవాలి. అప్పటికే జరిగిన నష్టం వెనక్కి రాకపోవచ్చు.

సమస్య: నయమై ఏడాదైనా పరీక్ష పాజిటివ్‌గానే ఉంది, లేదా మళ్లీ వచ్చింది

కారణం: టీపీహెచ్ఏ ఒకసారి పాజిటివ్ అయితే చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది. దానిని చూసి మళ్లీ మళ్లీ ఇంజెక్షన్లు వేయించుకోనక్కరలేదు. చూడాల్సింది వీడీఆర్ఎల్ అంకె. దిగిన అంకె మళ్లీ రెండు మెట్లు ఎక్కితే మాత్రం జబ్బు తిరిగి సోకిందని అనుమానించాలి. ఒకసారి వచ్చి నయమైనంత మాత్రాన దీనికి రక్షణ శక్తి ఏర్పడదు. ఇద్దరిలో ఒక్కరే వైద్యం చేయించుకున్న ఇంట్లో ఇది భార్యాభర్తల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

పరిష్కారం: గత 90 రోజుల్లో లైంగికంగా కలిసిన వారికి పరీక్ష నెగెటివ్ వచ్చినా వైద్యం చేయిస్తారు. జబ్బు పాతదైతే అంతకు ముందు కలిసిన వారిని కూడా పరీక్షించాలి. పుండ్లు, మచ్చలు పూర్తిగా మానే వరకు, ఇంజెక్షన్ తరువాత కనీసం వారం రోజుల వరకు ఎవరితోనూ కలవకూడదు. కండోమ్ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, కానీ అది కప్పని చోట పుండు ఉంటే ఆపలేదు. ఒకరికి మించి భాగస్వాములు ఉన్నవారు, మగవారితో కలిసే మగవారు, లక్షణాలు లేకపోయినా మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. మరుగుదొడ్డి ద్వారా, బట్టల ద్వారా, కంచం ద్వారా ఇది అంటదు.

భార్యకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైన పని, అది నాకు తెలుసు. అయినా ఆమె గర్భిణి అయితే చెప్పకుండా దాటేసే వీలు లేదు. వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు. ప్రసవానికి కనీసం 30 రోజుల ముందే ఆమెకు పెన్సిలిన్ పడాలి, ఆమె విషయంలో డాక్సీసైక్లిన్ పనికిరాదు. మీ నోట రాకపోతే, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లో సలహాలిచ్చే కౌన్సెలర్ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పగలరు. అక్కడ పరీక్ష, మందు ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. దగ్గరలో ఎక్కడ ఉందో ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి అడగవచ్చు, దానికి డబ్బు పడదు.

ఇంజెక్షన్ వేసిన తేదీ, మోతాదు రాసిన చీటీని, 3, 6, 12 నెలలకు చేయించిన వీడీఆర్ఎల్ రిపోర్టులను ఒకే ఫైలులో వరుసగా పెట్టుకోండి. రేపు మరో డాక్టరు టీపీహెచ్ఏ పాజిటివ్ చూసి అనుమానపడినప్పుడు, వైద్యం పూర్తయిందనీ, అంకె 1:32 నుంచి దిగిందనీ చూపడానికి ఆ కాగితాలే ఉంటాయి.