ఈబేలో నిజాం రూపాయి వేలానికి పెడుతున్నారా?

ఈబేలో టైటిల్‌కు 80 అక్షరాలే ఇస్తారు. "అరుదైన", "అద్భుతం" అంటూ వాటిని తగలెయ్యకండి, ఆ మాటలతో ఎవరూ వెతకరు. నేనైతే "హైదరాబాద్ ఉస్మాన్ అలీ ఖాన్ వెండి రూపాయి, హిజ్రీ 1361" అని మొదలుపెడతాను.

వివరణలో ముందుగా సంవత్సరం, బరువు, వ్యాసం. లైనుకొక్క విషయమే, ఫోన్లో చదివేవాళ్లకు అదే సుఖం. లోపాలు మాత్రం తీరిగ్గా రాయండి: "నాణెం మీది చార్మినార్ బొమ్మ తోరణంలో 'ఐన్' అనే ఉర్దూ అక్షరం స్పష్టంగా ఉంది. ఎడమ మినార్ కాస్త అరిగింది. అంచున చిన్న నొక్కు, మూడో ఫొటో చూడండి." ఊరికే "ఫొటోలు చూసుకోండి" అని వదిలేస్తే ప్రశ్నలతో ప్రాణం తీస్తారు, పైగా రిటర్న్ టెన్షన్. నాణేన్ని తోమి ఉంటే అదీ చెప్పాల్సిందే. రంగురంగుల అక్షరాలు, శుభలేఖ మార్కు బోర్డర్లు వద్దు. పోస్టేజీకి వేరే గడి ఉంది, ఇక్కడ ఒక్క లైను చాలు.