ఇద్దరు అప్పలు, రెండు ప్రభుత్వాలు, ఎనిమిది పేజీలు: నవ్వించే స్పేస్ కామిక్ ఎలా చెయ్యాలంటే

మాది రాయగడ, ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టేస్తాం. మొన్న మా వీధి గుంటలు (పిల్లలు) వచ్చి స్పేస్‌లో తిరుగుతూ గొడవలు తీర్చే ఇద్దరు అమ్మాయిల మీద, మా యాసలో అప్పల (అక్కల) మీద, కామిక్ చేద్దామనుకుంటున్నాం ఎలాగా అని అడిగారు, వాళ్లకి చెప్పిందే ఇక్కడా పెడుతున్నా.

ఈ రకం కథలకి పెద్దదిక్కు జపాన్‌వాళ్ల డర్టీ పెయిర్. హరూకా తకచిహో మొదట కథలుగా రాశాడు, 1985లో టీవీ కార్టూన్ అయింది, 1988లో టోరెన్ స్మిత్, ఆడమ్ వారెన్ కలిసి అమెరికాలో ఇంగ్లీష్ కామిక్ మొదలెట్టారు. కేయి, యూరి అని ఇద్దరు, 22వ శతాబ్దం, ఎక్కడ సమస్య ఉంటే వాళ్ల ఆఫీసు ఇద్దర్నీ అక్కడికి పంపుతుంది. వాళ్ల అసలు కోడ్ నేమ్ లవ్లీ ఏంజెల్స్, కానీ జనం పిలిచేది మాత్రం డర్టీ పెయిర్ అనే, అది వినగానే వీళ్లకి ఒళ్లు మండుతుంది. కేసు ఎలాగోలా తేలుతుంది, ఈలోగా చుట్టుపక్కల ఏదో ఒకటి సర్వనాశనం అయిపోతుంది, ఎంక్వైరీ వేస్తే వీళ్ల తప్పేం లేదనే తేలుతుంది. నవ్వంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. పేలుడు ఎవడైనా గీస్తాడు.

అందుకే ముందు గొడవ వెతకండి, తుపాకులు తర్వాత. మనకి దొరకదా ఏంటి? కొరాపుట్ వైపు కొఠియా ఊళ్లు ఉన్నాయి కదా, ఆంధ్రా మాదంటుంది ఒడిశా మాదంటుంది, 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. దాన్నే ఒక గ్రహశకలం చేసెయ్యండి. రెండు ప్రభుత్వాలు, రెండు రేషన్ డిపోలు, ఇంటికి రెండు కార్డులు. మన అప్పల్ని పంపేది మాత్రం చిన్న పనికే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది మార్చి రండి అని. మార్చాలంటే కరెంటు తియ్యాలి, తియ్యాలంటే ఇద్దరు ఆఫీసర్ల సంతకం కావాలి, ఒకాయన లంచ్‌కెళ్లాడు, ఈలోగా ఆక్సిజన్ తగ్గిపోతోంది, సరే తాళం పగలగొట్టారు... ప్రతి అడుగూ న్యాయంగానే ఉండాలి, చదివేవాడు "నేనైనా అదే చేద్దును" అనుకోవాలి, అప్పుడు మొత్తం కూలిపోవాలి.

ఒకత్తి తెలివైంది ఒకత్తి మొద్దు అని మాత్రం పెట్టకండి, పాత సినిమా కామెడీ అయిపోతుంది. ఒకత్తికి తొందర, ఇంకోత్తికి లెక్కలు, ఇద్దరూ కరెక్టే. ఆఫీసు వాళ్లకి పెట్టిన పేరు "శాంతి జంట", జనం పిలిచేది "కొంపముంచు అప్పలు". మాటలు మన యాసలోనే రాయండి:

"ఓలప్పా, బటన్ నొక్కీమంతావేటి?"
"నొక్కీసినాను కదే!"

వెనక ఓడ కంప్యూటర్ ఒడియాలో "కణ హెలా?" (ఏమైంది?) అంటే చాలు. అసలు కామిక్‌లో డ్రస్సులు బాగా పొట్టివి, నేనైతే జేబులున్నవే గీయమంటా, పానా ఎక్కడ పెట్టుకుంటారు మరి.

ఇక కాగితం పని. రెండు ఏ4 కాగితాలు మధ్యకి మడిస్తే ఎనిమిది పేజీలు. ఒక కాగితానికి ఒక వైపు 8, 1, వెనక 2, 7. రెండోదానికి 6, 3, వెనక 4, 5. ఇది ముందే పెన్సిల్‌తో రాసుకోండి, నా మొదటి పుస్తకంలో తారుమారై బాంబు పెట్టకముందే పేలిపోయింది. పేజీ తిప్పేది 1, 3, 5, 7 అయ్యాక, కాబట్టి తాళం మీద చెయ్యి 3లో, ఢాం 4లో.

అక్షరాలు ముందు రాసి బుడగ తర్వాత గీయండి. ఈ కథలో ప్రతి బుడగలో "రాష్ట్రం" వస్తుంది, ఆ వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి, లైన్ల మధ్య బాగా ఖాళీ వదలండి. ఫోన్లో చేస్తే మల్లన్న, రామభద్ర లాంటి ఫాంట్లు ఫ్రీగానే దొరుకుతాయి, చేత్తో రాస్తే ఇంకా బావుంటుంది.

ఎనిమిదో పేజీలో పేలుడు వద్దు, ఎంక్వైరీ కాగితం ఒక్కటే గీయండి. అప్పల తప్పేం లేదు అని స్టాంపు, కింద రెండు ప్రభుత్వాల ఉత్తరాలు, మిగిలిన ఆ రాళ్లగుట్ట మాది కాదు పక్కోళ్లదే అని.