హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఆలస్యంగా వినపడుతుంటే నేనేం చేశానంటే

నెల్లూరు దర్గామిట్టలో మా మేడ మీద గదే స్టూడియో. విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్లోకి, అక్కణ్నుంచి హెడ్‌ఫోన్స్‌లోకి పంపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు. అక్క పాడుతుంటే తన గొంతు తనకే వెనగ్గా వినపడి తాళం జారిపోయేది. పైగా మధ్యమధ్యలో చిటపటలు.

ముందు డ్రైవరు సంగతి. విండోస్ దానంతటదే పట్టుకున్న డ్రైవరుతో శబ్దం వస్తుంది గానీ ఆలస్యం పోదు. ఇంటర్‌ఫేస్ కంపెనీ సైటు నుంచి ఏసియో డ్రైవరు (ఆలస్యం తగ్గించడానికే ఉన్న ఆడియో డ్రైవరు) దించుకుని, నేను రికార్డింగ్‌కి వాడే రీపర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో దాన్నే ఎంచుకున్నా.

అసలు కిటుకంతా బఫర్‌లో ఉంది, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగేసుకునే శబ్దపు ముక్కల (శాంపిళ్ల) లెక్కలో. 48,000 హెర్ట్జ్ (సెకనుకి 48,000 శాంపిళ్లు) దగ్గర 1024 శాంపిళ్లంటే ఒక వైపుకే 21 మిల్లీసెకన్ల పైన. రానూపోనూ కలిపితే రెట్టింపు. అంత తేడాతో ఎవరు పాడగలరు? 128 పెడితే ఒక వైపుకి 3 మిల్లీసెకన్ల లోపే. అలాగని 64కి దించితే మా పాత ప్రాసెసర్ తట్టుకోలేక మళ్లీ చిటపటలు. అందుకే పాడేటప్పుడు 128, మిక్సింగ్‌కి 1024. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే ఇంకా మేలు, గొంతు కంప్యూటర్లోకి వెళ్లి రాకుండానే చెవికి చేరుతుంది. కాకపోతే రీపర్‌లో పెట్టిన రివర్బ్ (గొంతుకి హాల్లో పాడినట్టు వచ్చే మార్మోత) అందులో వినపడదు. అక్క దానికి మూతి ముడుచుకుంది, అది వేరే కథ.

128 దగ్గర కూడా అప్పుడప్పుడూ వచ్చే చిటపటలు మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్ తీసేసి కేబుల్ నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాక, పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ పరికరాల్ని నిద్రపుచ్చే సెట్టింగు) ఆపేశాక పోయాయి. సన్నటి హమ్ (గుయ్‌మనే మోత) మాత్రం ఛార్జర్ పీకితేనే ఆగింది. ఇప్పుడు టేకు పూర్తయ్యేదాకా బ్యాటరీ మీదే. ఫ్యాన్ కూడా బంద్. నెల్లూరు ఎండల్లో అదొక్కటే కష్టం, అందుకే పాటలన్నీ తెల్లవారుజామునే.