ఇంటి నుంచే రచనా వృత్తి: మాట లెక్క, ఒప్పందం, వసూలు

తెలుగు చక్కగా రాయగలిగినవారికి ఇంటి నుంచే చేయదగిన పని ఇప్పుడు చాలానే ఉంది: బ్యాంకు యాప్‌లలోని సూచనలు, ఓటీటీ సబ్‌టైటిళ్లు, ఔషధ పరీక్షల సమాచార పత్రాలు, స్వచ్ఛంద సంస్థల శిక్షణ పుస్తకాలు. ఈ పనిలో నిలదొక్కుకున్నవారికీ, రాత్రింబవళ్లు రాసినా ఇంటి అద్దెకు తడుముకునేవారికీ ఉన్న తేడా భాషా పటిమలో కంటే, మొదటి వాక్యం రాయకముందే కుదుర్చుకునే షరతుల్లో ఎక్కువగా ఉంటుందని నా అనుభవం.

ముందుగా ఒక రంగాన్ని ఎంచుకోవాలి. ఏదైనా రాస్తానని చెప్పేవారికి అందరికీ ఇచ్చే ధరే దక్కుతుంది. ఫార్మసీ చదివినవారు, బ్యాంకులో పనిచేసినవారు, వ్యవసాయం తెలిసినవారు తమ పూర్వ వృత్తినే పెట్టుబడిగా చూసుకోవాలి. ఉదాహరణకు, 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, పరీక్షలో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇచ్చాకే వారి సమ్మతి తీసుకోవాలి. కాబట్టి వైద్య పరిభాషను పల్లెటూరి రోగికి తెలిసే తెలుగులో చెప్పగలవారి అవసరం ఔషధ పరీక్షలు జరిపే సంస్థలకు తప్పనిసరిగా ఉంటుంది. అచ్చయిన రచనలు లేకపోయినా ఫరవాలేదు; ఆ రంగానికి చెందిన మూడు నమూనాలను సొంతంగా రాసి దగ్గర ఉంచుకుంటే చాలు. అవి ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా సరిగా కనిపించే యూనికోడ్ లిపిలో ఉండాలి. అచ్చు పనికి వాడే అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం కొన్ని ప్రచురణ సంస్థలకు పనికొస్తుంది గాని, యాప్‌లకూ వెబ్‌సైట్లకూ నేరుగా పనికిరాదు.

ఇక ధర. అనువాదానికి మాటకు ఇంత అని ధర చెప్పేటప్పుడు ఏ భాష మాటలు లెక్కించాలో తేల్చుకోకపోవడం తెలుగువారికి ప్రత్యేకంగా నష్టం తెచ్చే పొరపాటు. ‘టు దోజ్ హూ కేమ్ టు అవర్ హౌస్’ అనేది ఇంగ్లీషులో ఏడు మాటలు. ‘మా ఇంటికి వచ్చినవాళ్లకు’ అంటే తెలుగులో మూడే. విభక్తులన్నీ మాటలో కలిసిపోయే మన భాషలో, ఎంత పొందికగా రాస్తే బిల్లు అంత తగ్గుతుంది. మొదట్లో ఒక సంస్థకు తెలుగు మాటల లెక్కన ఒప్పుకుని, బిల్లు వేసే రోజున గాని నేను ఆ సంగతి గ్రహించలేదు. అప్పటి నుంచి మూల పాఠంలోని మాటల సంఖ్యే ప్రాతిపదిక అని ముందే రాసి పంపుతున్నాను.

స్వతంత్ర వ్యాసాలకైతే గంటల లెక్క మేలు. 3,000 రూపాయల వ్యాసానికి చదవడం, రాయడం, ఫోన్లు, సవరణలు కలిపి 12 గంటలు పడితే గంటకు 250 రూపాయలే మిగులుతాయి; పైకి కనిపించే మొత్తం చూసి మురిసిపోకూడదు. యంత్రం చేసిన అనువాదాన్ని సరిదిద్దితే చాలని, సగం ధర ఇస్తామని అడిగేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఒప్పుకునే ముందు అందులోంచి 300 మాటలు తీసుకుని, దిద్దడానికి ఎంత సమయం పడుతుందో గడియారం పెట్టి చూడాలి. దిద్దడం కంటే తిరిగి రాయడమే సులువని తేలితే పూర్తి ధర అడగడంలో తప్పు లేదు.

ఒప్పందం ఈమెయిల్ రూపంలోనైనా ఉండాలి. పని పరిధి, గడువు, ఉచితంగా చేసే సవరణలు ఎన్నిసార్లు (రెండు చాలు), బయానా ఎంత, మిగతా సొమ్ము ఎన్ని రోజుల్లో అన్నవి అందులో స్పష్టంగా రావాలి. హక్కుల విషయానికి మాత్రం సంతకం చేసిన పత్రమే కావాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అన్న వాక్యం కనిపించిందంటే, దానికి తగ్గట్టు ధర పెంచి అడగవలసిన సమయం వచ్చిందన్నమాట. ఆడియో కథల ఒప్పందాల్లో దీన్ని మరింత జాగ్రత్తగా చదవాలి.

వసూలు విషయంలో చాలామంది రచయితలు వాడుకోని ఆయుధం ఒకటుంది. ఒంటరిగా పనిచేసే రచయిత కూడా చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు కావచ్చు. ఆ తరువాత చేసిన పనికి, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఉద్యమ్ సంఖ్యను బిల్లు మీదే ముద్రిస్తే, గుర్తుచేసే ఉత్తరాలు రాసే పని చాలావరకు తగ్గుతుంది. విదేశీ సంస్థలకు ఈ చట్టం వర్తించదు కాబట్టి, వారి దగ్గర సగం సొమ్ము ముందే తీసుకోవాలి.

సేవల ద్వారా వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు అవసరం. ఆ స్థాయికి చేరాక విదేశీ బిల్లుల మీద పన్ను కట్టకుండా సేవలందించడానికి ఏటా ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనే హామీపత్రం) దాఖలు చేయాలి. విదేశం నుంచి డబ్బు జమ అయిన ప్రతిసారీ సొమ్ము అందినట్టు బ్యాంకు నుంచి తీసుకున్న ధ్రువపత్రాన్ని ఆ బిల్లుతోనే జతచేసి ఉంచాలి.