అవ్వ పాటలు పోకముందే: చిలీ వాళ్ల పద్ధతిలో రికార్డు చేద్దాం

మా చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఏ అవ్వని "ఒక పాట పాడవ్వా" అని అడిగినా జవాబు ఒకటే. "నాకేం పాటలొస్తాయి నాయనా, అన్నీ మర్చిపోయినాను." చాలామంది అక్కడితో ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చేస్తారు. నేనూ రెండుసార్లు అలాగే వచ్చేశాను. తర్వాత చిలీ దేశపు జానపద గాయకుల గురించి చదివాక అడిగే తీరు మార్చుకున్నాను.

పాట అడగొద్దు, పని అడగండి. నాట్లప్పుడు ముందు ఎవరు ఎత్తుకునేవాళ్లు, పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఏం పాడేవాళ్లు, ఇలా. చిలీ గాయని వియోలెతా పార్రా 1950లలో సాంతియాగో చుట్టూ ఉన్న ఊళ్లు తిరిగి ముసలివాళ్ల దగ్గర పాటలు సేకరించింది. వాళ్లలో రోసా లోర్కా అనే మంత్రసాని కూడా ఉంది. అక్కడి పల్లెల్లో పసిబిడ్డ చనిపోతే దేవదూతలా ముస్తాబు చేసి కూర్చోబెట్టి, రాత్రంతా పాడేవాళ్లు. అలాంటి పాట, ఊరికే ఏదో ఒకటి పాడమంటే ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి? ఆ రాత్రి ఏం చేసేవాళ్లని అడిగితేనే వస్తుంది.

ఇంకో ఉపాయం, ముందు మీరే పాడండి. నాకు సగమే వచ్చిన గొబ్బి పాట పాడితే అవ్వ "అట్ల కాదు" అని దిద్దుతూ దిద్దుతూ మొత్తం పాడేసింది. వీలైతే ఇద్దరు అవ్వల్ని కలిపి కూర్చోబెట్టండి, వంత పాడే మనిషి ఉంటే మరిచిపోయిన చరణాలు వాటంతటవే వస్తాయి.

మాటలు రాసుకుంటే చాలదు, వరస ముఖ్యం. ఈ సంగతి తిరుపతి వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు: అన్నమయ్య పాటలు వేలకొద్దీ రాగిరేకుల మీద దొరికాయి, రాగం పేర్లూ ఉన్నాయి, కానీ ఆయన ఎలా పాడాడో మాత్రం రేకు మీద లేదు. వియోలెతా సేకరించిన పాటలకు గాస్తోన్ సుబ్లెత్ అనే ఆయన స్వరాలు రాసిపెట్టాడు. మనకి స్వరాలు రాయడం రాకపోయినా ఫోన్ ఉంది కదా. ఫ్యాన్ ఆపండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, అవ్వకి మూరెడు దూరంలో ఏదైనా గుడ్డ మీద ఉంచండి. పాట మధ్యలో "ఆ మాట మళ్లీ చెప్పు" అని ఆపొద్దు, పాట అయ్యాక అడగండి. అవ్వ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎప్పుడు పాడేవాళ్లు, ఇవన్నీ అదే రికార్డింగ్‌లో ఆమె నోటితోనే చెప్పించండి. నెట్‌లో పెట్టాలనుకుంటే ముందు అడిగి పెట్టండి.

కోలాటం, చెక్కభజన అయితే వీడియో తప్పదు, అదీ ముఖాలు ఒక్కటే కాదు, పాదాలు కూడా కనిపించాలి. చిలీలో క్వేకా అనే ఆట ఉంది, 1979లో దాన్ని జాతీయ నృత్యంగా ప్రకటించారు. చేతిలో రుమాలు తిప్పుతూ జంటగా ఆడతారు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? కాబట్టి మన దగ్గరా చుట్టూ ఉన్న జనాన్ని నోరు మూయించొద్దు.

రికార్డు చేసిన రోజే మూడు చోట్ల దాచండి. ఫోన్ పాడై నావి పదకొండు పాటలు పోయాయి, వాటిలో రెండు పాడిన అవ్వ ఇప్పుడు లేదు. 1973లో చిలీ గాయకుడు విక్తోర్ హారాని సైన్యం చంపేశాక, ఆయన భార్య జోన్ ఆయన రికార్డింగులను రహస్యంగా దేశం దాటించింది. అందుకే ఆ గొంతు ఇవాళ మనం వినగలుగుతున్నాం.

ఇక దాచడం ఒక్కటే పని కాదు. చిలీలోనే మార్గోత్ లొయోలా అనే గాయని జీవితమంతా పల్లె పాటలు, ఆటలు సేకరించి, నేర్చుకుని, నేర్పింది. ఆమె శిష్యులతో 1955లో కుంకుమెన్ అనే బృందం మొదలైంది, విక్తోర్ హారా కూడా అందులో పాడాడు. పిర్కే ఊళ్లో సాంతోస్ రూబియో అనే ఆయనకు చూపు లేదు, అయినా గిటార్రోన్ అనే 25 తీగల గిటార్ లాంటి వాయిద్యం మీద పాత పద్యాలు పాడుతూ, పిల్లలకి నేర్పుతూ 2011లో చనిపోయేదాకా దాన్ని నిలబెట్టాడు.

మీ దగ్గరున్న రికార్డింగ్ ముందు అవ్వకే వినిపించండి. వచ్చే సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరిగే పిల్లలకి ఆ వరసే నేర్పండి, తప్పు పాడితే దిద్దడానికి అవ్వని అరుగు మీద కూర్చోబెట్టండి.