గాయపడిన జింక జాడ పట్టాలంటే: వైజాగ్‌లో కొండ పక్కన ఉండేవాళ్ల కోసం

దెబ్బ తగిలిన జింక మీ కళ్ల ముందే రోడ్డు దాటి తుప్పల్లోకి దూరిందనుకోండి. వెనక పరిగెత్తకండి. ఉన్నచోటే ఆగి టైమ్ చూసుకోండి, అది ఏ చెట్టు పక్కనుంచి లోపలికి వెళ్లిందో ఆ చెట్టును గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎన్ని చేసినా ఈ మొదటి ఐదు నిమిషాల్లో మీరు కదలకుండా ఉండడమే దాన్ని ఎక్కువగా కాపాడుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం పొద్దున్న ముడసర్లోవ వైపు వాకింగ్‌కి వెళ్లినప్పుడు కుక్కలు తరిమిన ఒక ఆడ దుప్పి మా ముందుకే వచ్చింది. తొడ మీద కాటు, అక్కణ్నుంచి కొంచెం రక్తం, అంతే. పాతికమంది పోగయ్యాం, పట్టుకుని ఆసుపత్రికి చేరుద్దామని అందరికీ ఒకటే ఆత్రం, నేనూ అందరితో పాటు పరిగెత్తాను. అరగంట తరిమితే అదే అలిసిపోయి గోడ పక్కన కూలబడింది. ఎవరో నోట్లో నీళ్లు పోశారు, పిల్లలు తల నిమిరారు, అందరూ ఫొటోలు తీసుకున్నారు. మర్నాడు అది చచ్చిపోయింది. చూసిన డాక్టరు గారు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది: "కాటుకి కుట్లు వేస్తే సరిపోయేదండీ, పరుగే దాన్ని చంపేసింది."

దీన్ని డాక్టర్లు క్యాప్చర్ మయోపతీ అంటారు. విపరీతమైన భయంలో, ఆగకుండా పరిగెత్తినప్పుడు జింక కండరాలు లోపలే దెబ్బతింటాయి, వాటిలోంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను పాడుచేస్తుంది, మూత్రం డికాషన్ రంగులోకి మారుతుంది. అప్పటికి నిలబడి మామూలుగానే కనిపించిన జంతువు కూడా కొన్ని గంటలకో, కొన్ని రోజులకో చనిపోవచ్చు. అందుకే జాడ పట్టడం అంటే దానికి తెలియకుండా అది ఎక్కడుందో కనుక్కోవడం అని అర్థం చేసుకోండి.

ఆగడం గురించి బాగా తెలిసినవాళ్లు అమెరికాలో విల్లుతో జింకల్ని వేటాడేవాళ్లు. అక్కడ దానికి సీజనూ లైసెన్సూ ఉంటాయి, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. వాళ్ల లెక్క ఏమిటంటే, బాణం ఊపిరితిత్తులకు తగిలితే అరగంట, కాలేయానికి తగిలితే నాలుగు నుంచి ఆరు గంటలు, పొట్టలో దిగితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగి, అప్పుడే రక్తం జాడ పడతారు. ఎవరూ వెంటపడకపోతే దెబ్బ తిన్న జింక చాలాసార్లు దగ్గర్లోనే ఒక గుబురు చూసుకుని పడుకుంటుంది, తొందరపడి లేపితే మాత్రం ఎంత దూరం పోతుందో చెప్పలేం. వాళ్లు ఆగేది అది చనిపోయేదాకా, మనం ఆగేది ఫారెస్టు వాళ్లూ డాక్టరూ వచ్చేదాకా. జింక స్వభావం ఎక్కడైనా ఒకటే కాబట్టి వాళ్ల అనుభవం మనకి పనికొస్తుంది.

మన ఊళ్లో ఇది ఎవరికైనా ఎదురుకావచ్చు. కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు, 1970 దాకా విజయనగరం మహారాజుల చేతిలో ఉన్న అడవి, ఇప్పుడు దాని చుట్టూ ఊరు పెరిగిపోయింది. ఎండాడ దగ్గర హైవే, హనుమంతవాక నుంచి అడవివరం వెళ్లే రోడ్డు, మధురవాడ వెనక లేఅవుట్లు, ఇవన్నీ అడవి అంచులే. ఎండాకాలం నీళ్లకోసం దుప్పులు కిందికి దిగుతాయి, అప్పుడే బండ్లు గుద్దడం, కుక్కలు తరమడం, తోటల అంచున అడవిపందుల కోసం పెట్టిన క్లచ్ వైరు ఉచ్చుల్లో కాలు పడడం జరుగుతుంది.

ఆగారు కదా, ఇప్పుడు ఫోన్. అందరికీ గుర్తుండే నంబర్ 112, వాళ్లకి చెప్పి, ఫారెస్టు వాళ్లకి కబురు అందించమని అడగండి. మీరు కొండ పక్కనే ఉంటుంటే ఈ వారంలోనే ఒకసారి మీ ఏరియా ఫారెస్టు బీట్ ఆఫీసర్ నంబర్ కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి, ఆ రోజు వెతుక్కుంటూ కూర్చుంటే టైమ్ పోతుంది. చెప్పేటప్పుడు లొకేషన్ పంపండి, చుక్కలున్న దుప్పా, పెద్ద కణుజా, చిన్న కొండగొర్రా చెప్పండి, ఏ కాలు ఈడుస్తోంది, ఎన్ని గంటలకు చూశారు, ఎటు వెళ్లింది, కుక్కలు ఇంకా అక్కడే ఉన్నాయా చెప్పండి. ఇద్దరు ముగ్గురుంటే ఒకరు కుక్కల్ని దూరంగా ఆపాలి, ఒకరు రోడ్డు మీద బండ్లను నెమ్మదించమనాలి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దు, దయచేసి. పావుగంటలో యాభైమంది వచ్చేస్తారు, ఇక ఆ జింకని ఎవరూ కాపాడలేరు.

ఇంకో సంగతి. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు, జింక కోసమైనా సరే. ఇక్కడి నుంచి చెప్పేదంతా అడవి బయట తోటల్లో, ఖాళీ లేఅవుట్లలో వెతకడానికి, లేదంటే ఫారెస్టు వాళ్లు మిమ్మల్ని తోడు రమ్మన్నప్పుడు వాళ్లతో కలిసి నడవడానికి.

జాడ పట్టేటప్పుడు ఇద్దరు చాలు, ముగ్గురు ఎక్కువ. పాత గుడ్డ పీలికలో టిష్యూ పేపరో తీసుకెళ్లండి. చివరిసారి కనిపించిన చోట మొదటి పీలిక కట్టండి, రక్తం కనిపించిన ప్రతిచోటా ఇంకోటి. కొంతదూరం పోయాక వెనక్కి తిరిగి చూస్తే ఆ పీలికల వరస అది వెళ్తున్న దిక్కును చూపిస్తుంది, రక్తం ఆగిపోయినప్పుడు ముందుకి ఎటు చూడాలో దాన్నిబట్టే తెలుస్తుంది. జాడ మీద నడవకండి, పక్కనుంచి నడవండి, ఒకసారి తొక్కేస్తే మళ్లీ దొరకదు.

మన నేల మీద రక్తం వెతకడం కష్టం. మట్టే ఎరుపు. పైగా జీడితోటల్లో రాలిన ఆకులు ఎండేటప్పుడు వాటి మీద ఇటుక రంగు మచ్చలు పడతాయి, దూరం నుంచి చూస్తే అచ్చం రక్తపు చుక్కలే. మొదట్లో నేను అలాంటి మచ్చల వెంట చాలా దూరం పోయాను. అనుమానం వస్తే వేలు తడిచేసి మచ్చను రుద్దండి, రక్తమైతే కరిగి వేలికి అంటుతుంది, ఆకు మచ్చ అంటదు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చిన్న సీసా జేబులో ఉంటే ఒక్క చుక్క వేసి చూడండి, రక్తమైతే తెల్లగా నురుగు పొంగుతుంది. కింద నేలనే చూస్తూ పోకుండా పొదల పక్కలు కూడా చూడండి. ఆకు అంచుకు మోకాలి ఎత్తులో రక్తం పూసి ఉంటే దెబ్బ కాలికి, తొడ ఎత్తులో ఉంటే ఒంటికి తగిలి ఉండొచ్చు. రాయి మీద పడ్డ చుక్కను దగ్గరగా చూడండి, పరిగెడుతున్న జంతువు నుంచి పడితే అది గుండ్రంగా ఉండదు, ఒక పక్కకి చిన్న ముళ్లలాగా చిట్లి ఉంటుంది. ఆ ముళ్లు చూపించే వైపే అది వెళ్లింది.

రంగు కూడా చాలా చెప్తుంది. ఎర్రగా, చిన్న చిన్న బుడగలతో ఉంటే ఊపిరితిత్తులకి దెబ్బ, ఇది ఆలస్యం చేయకూడని కేసు, డాక్టరుకి వెంటనే చెప్పండి. ముదురు ఎరుపు అయితే కాలేయం కావొచ్చు. ఆకుపచ్చగా, నమిలిన గడ్డి ముక్కలతో, కంపు కొడుతూ ఉంటే పొట్ట చిరిగింది. ఎక్కడైనా గడ్డి నలిగి, అక్కడే రక్తం మడుగు కట్టి ఉంటే అది అక్కడ పడుకుని లేచింది, బహుశా మీ అలికిడికే లేచింది. అప్పుడు ముందుకి ఒక్క అడుగు కూడా వేయకండి, వెనక్కి వచ్చి ఆగండి.

రక్తం లేకపోతే గిట్టల గుర్తులు చూడండి. నెమ్మదిగా నడిచే జింక గిట్ట రెండు కోసు రేకులు పక్కపక్కన పెట్టినట్టు పడుతుంది, మొన ఉన్న వైపే దాని దారి. పరిగెడితే ఆ రెండూ విడిపోయి మట్టి వెనక్కి ఎగిరి ఉంటుంది. మూడు గిట్టల గుర్తులు లోతుగా పడి నాలుగోది పైపైన తగిలినా, గీతలాగా ఈడ్చినా ఆ కాలికే దెబ్బ. తెల్లవారుజామున అయితే ఇంకా తేలిక, మంచు పట్టిన గడ్డిలో అది నడిచిన చోట మాత్రం మంచు రాలి ముదురు రంగు చార కనిపిస్తుంది.

జాడ పూర్తిగా తెగిపోయిందా, చివరి పీలిక దగ్గరికి వచ్చి దాని చుట్టూ పది అడుగుల దూరంలో ఒక చుట్టు, తర్వాత ఇరవై అడుగుల్లో ఇంకో చుట్టు తిరగండి. దెబ్బ తిన్న జింక ఎక్కువగా వాలుకి దిగి, గెడ్డ (వాగు) పక్కన చిక్కటి తుప్పల్లో పడుకోవడం చూశాను, అయితే కొండెక్కినవీ ఉన్నాయి, కాబట్టి ముందే నిర్ణయించేసుకోకండి. మొత్తం జింక కనిపిస్తుందని చూడొద్దు. వంగి, పొదల అడుగున ఉన్న ఖాళీలోంచి చూడండి, అక్కడ ఒక చెవి కదలడమో, నిలువు కొమ్మల మధ్య అడ్డంగా ఒక వీపు గీతో కనిపిస్తుంది. ఒకచోట ఈగలు ముసురుతుంటే అటు కూడా చూడండి.

చీకటి పడితే ఆపేయాలి. కంబాలకొండలో చిరుతలున్నాయి, రక్తం వాసన మనకంటే వాటికి ముందు తెలుస్తుంది. రాత్రికి చేయగలిగేది జింక ఉన్నవైపు కుక్కలు వెళ్లకుండా రోడ్డు అంచున కాపలా ఉండడం, అంతే.

జింక కనబడిందా, నలభై అడుగుల దూరంలోనే ఆగిపోండి. గట్టిగా మాట్లాడొద్దు, దాని ఎదురుగా నిలబడొద్దు, ఒకరిని అక్కడే కూర్చోబెట్టి ఇంకొకరు వెళ్లి ఫారెస్టు వాళ్లని తీసుకురండి. వల వేయాలా, మత్తు ఇవ్వాలా అన్నది వాళ్లూ డాక్టరూ చూసుకుంటారు. సాయం పట్టమని వాళ్లే అడిగితే ముందు ఒక కాటన్ తువ్వాలుతో కళ్లు కప్పండి, చీకటి అవగానే దాని కంగారు చాలావరకు తగ్గుతుంది. పక్కకో వెల్లకిలో పడుకోబెట్టకండి, నెమరు వేసే జంతువు కదా, పొట్ట ఉబ్బుతుంది, లోపలి మేత గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాళ్లు ముడిచి, రొమ్ము నేలకి ఆనేలా కూర్చోబెట్టి, మెడ ఎత్తుగా, ముక్కు కొంచెం కిందికి ఉండేలా పట్టుకోవాలి. నోట్లో నీళ్లు, పాలు ఏమీ పోయొద్దు. గాయం మీద పసుపు, కాఫీ పొడి వద్దు, రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కొమ్ములకీ వెనక కాళ్లకీ దూరంగా ఉండండి, ఒక్క తన్నుకి ఎముక విరుగుతుంది.

ఉచ్చులో కాలు పడిన జింక దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. జాలితో చెట్టుకి కట్టిన వైరు కొసని కత్తిరించేస్తారు, జింక ఒక్క ఉదుటున పారిపోతుంది, చూసేవాళ్లకి కాపాడేశాం అనిపిస్తుంది. కానీ బిగుసుకున్న ఉచ్చు కాలికే ఉండిపోతుంది, అది రోజురోజుకీ మాంసంలోకి దిగి కాలు కుళ్లిపోతుంది. ఎంత గిలగిల్లాడినా డాక్టరు వచ్చేదాకా కొస కత్తిరించకండి, మీరు దూరంగా జరిగితే దాని గింజులాట తగ్గుతుంది.

చేతులకి గ్లౌజులు తప్పనిసరి, కుక్క కరిచిన జింకైతే మరీను. దాని చొంగో రక్తమో మీ చేతుల మీది గీరుడు గాయాల్లో పడితే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి రేబిస్ ఇంజక్షన్ గురించి అడగండి.

ఒంటరిగా గడ్డిలో ముడుచుకుని పడుకున్న పిల్ల కనిపిస్తే, ఒంటి మీద గాయం లేకపోతే ముట్టుకోకండి. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకి వెళ్లి ఉంటుంది.

మీరు వెళ్లేసరికే చనిపోయి ఉంటే కదపకండి, ఫారెస్టు వాళ్లకి చెప్పండి. చట్టం ప్రకారం చనిపోయిన వన్యప్రాణి కూడా ప్రభుత్వానిదే, ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లో పోలీసులకో ఫారెస్టు అధికారులకో తెలపాలి. కొమ్ములు తెచ్చుకోవడం, మాంసం పంచుకోవడం నేరం.

జింకని బండెక్కించాక వచ్చిన దారినే వెనక్కి నడిచి మీరు కట్టిన పీలికలన్నీ విప్పేయండి. ఉచ్చు కేసైతే ఫారెస్టు వాళ్లతో కలిసి ఆ కంచె వెంట రెండు వైపులా బాగా దూరం వెతకండి, పెట్టేవాళ్లు ఒక్క ఉచ్చుతో ఊరుకోరు. వైరు తుప్పు రంగులో ఉంటుంది, ఎండు తీగల్లో కలిసిపోతుంది, అందుకని జంతువులు దూరే సందుల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కర్రతో కదుపుతూ చూడండి. పోయినసారి అలా వెతికితే ఒకే కంచె వెంట ఇంకో నాలుగు దొరికాయి.